కంప్యూటర్ల కథ – 17: వాట్ల లెక్క

క్రితం భాగంలో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ జంట బల్లమీది కంప్యూటర్‌ను ఎలా ఏలిందో చూశాం. 1981లో ఐబీఎం పీసీతో మొదలైన ఆ ఏలుబడిలో పోటీ అంతా మెగాహెర్ట్జ్, గిగాహెర్ట్జ్ అంకెల చుట్టూ తిరిగింది. 2004 నాటికి ఆ పరుగు ముందుకు సాగలేకపోయింది. పెంటియం 4లో ప్రెస్కాట్ అనే రకం వంద వాట్లు దాటి మింగింది. దాని తర్వాత రావలసిన తేజాస్‌ను ఇంటెల్ అదే ఏడాది మే నెలలో, బయటికి రాకముందే రద్దు చేసింది. వేగం పెంచితే వేడి, వేడిని తోలడానికి ఫ్యాను, ఆ ఫ్యానుకు మళ్లీ కరెంటు. ఆ చిక్కుముడి దగ్గర ఆగాం.

ముడి విప్పే దారి ఇంటెల్‌లో దొరకలేదు. అంతకు ఇరవై ఏళ్ల ముందే ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కొద్దిమంది ఆ దారి వేసి పెట్టారు. వాళ్ల దగ్గరికి పోయే ముందు మన మెట్టసీమలో కాసేపు ఆగుదాం. తక్కువ కరెంటుతో నడిచే కంప్యూటర్ ఎవరికి కావాలి అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

2000 తర్వాతి తొలి ఏళ్లు గుర్తున్నవారికి మదనపల్లె, పుంగనూరు ఇంటర్నెట్ సెంటర్లు కూడా గుర్తుంటాయి. చెక్క అరల మధ్య పెద్ద బొద్దు మానిటర్లు, బల్ల కింద ఇటుకలాంటి బరువైన యూపీఎస్. కరెంటు పోగానే యూపీఎస్‌లన్నీ ఒక్కసారిగా కుయ్‌కుయ్‌మనేవి. ఫైలు సేవ్ చేసుకోమని కౌంటర్ దగ్గరి మనిషి కేక వేసేవాడు. పదీ పదిహేను నిమిషాల్లో అంతా చీకటి. ఆ రోజుల్లో గాజు మానిటర్, సీపీయూ డబ్బా కలిసి వంద నుంచి రెండు వందల వాట్ల దాకా తీసుకునేవి. కర్ణాటక సరిహద్దున ఉన్న పెద్దతిప్పసముద్రం (పీటీఎం) లాంటి మండల కేంద్రాల్లో సంగతి ఇంకా కష్టం. త్రీఫేజ్ కరెంటు వంతులవారీగా వచ్చేది. అది వచ్చిన వేళ ఊరి ధ్యాసంతా బోరు మోటర్ల మీదే ఉండేది. వేరుశనగ, టమాటా పండించే నేలలో కరెంటంటే ముందు నీళ్లు, తర్వాతే మిగతావి. 2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా చేసిన తొలి సంతకం ఉచిత విద్యుత్ ఫైలు మీదే కావడం ఆ కాలపు ప్రాధాన్యాలను చెబుతుంది. బడిలో కంప్యూటర్ గది ఉన్నా, పాఠం వేళకు కరెంటు ఉంటుందన్న హామీ లేదు.

ఈ నేలలోనే, కుప్పంలో, 2002 ఫిబ్రవరిలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. అమెరికా కంపెనీ హ్యూలెట్ ప్యాకార్డ్ అప్పటి చంద్రబాబు నాయుడు ప్రభుత్వంతో కలిసి ‘ఐ-కమ్యూనిటీ’ పేరుతో మూడేళ్ల కార్యక్రమం చేపట్టింది. కుప్పం, శాంతిపురం, గుడుపల్లె, రామకుప్పం, వి.కోట – ఈ ఐదు మండలాల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. పల్లెవాసులు అక్కడికి వచ్చి దరఖాస్తులు, ధరలు, చదువు, వైద్యం గురించి తెలుసుకోవాలన్నది ఉద్దేశం. ఆ కార్యక్రమంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునేది ‘విలేజ్ ఫొటోగ్రాఫర్’ అనే చిన్న భాగం. పొదుపు సంఘాల మహిళలు కొందరికి డిజిటల్ కెమెరా, చేత పట్టుకుపోయే ప్రింటర్, సౌరశక్తితో నింపుకునే బ్యాటరీ సంచి ఇచ్చారు. వాళ్లు ఊరూరా తిరిగి గుర్తింపు కార్డులకు, పెళ్లిళ్లకు ఫొటోలు తీసి, అక్కడికక్కడే ముద్రించి ఇచ్చి సంపాదించుకున్నారు.

ఆ సంచిని ఒక్క క్షణం ఊహించుకోండి. కెమెరాకూ ప్రింటరుకూ కావలసిన కొద్దిపాటి కరెంటును ఎండలోంచి తీసుకుని మోసుకుపోవచ్చు. కంప్యూటర్‌కు మాత్రం అది చాలదు. అందుకే కంప్యూటర్ కేంద్రంలో ఉండిపోయింది, కెమెరా ఊరు తిరిగింది. కుప్పంలో తేలింది ఇదే. పల్లెకు యంత్రం చేరాలంటే అది ఎంత వేగంగా లెక్క కడుతుందన్నది రెండో సంగతి, ఎన్ని వాట్లు అడుగుతుందన్నది మొదటి సంగతి. మన సీమ ఈ లెక్కను ముందే అడిగింది. దానికి జవాబు చెప్పే చిప్పు అప్పటికి ల్యాప్‌టాప్‌లో లేదు. ఫోన్‌లో ఉంది.

లోటు నుంచి పుట్టిన చిప్పు

ఆ చిప్పు పుట్టుక 1983లో మొదలైంది. కేంబ్రిడ్జిలో ఏకార్న్ కంప్యూటర్స్ అనే చిన్న సంస్థ ఉండేది. హెర్మన్ హౌసర్, క్రిస్ కర్రీ 1978లో పెట్టారు. బీబీసీ కోసం వాళ్లు చేసిన బీబీసీ మైక్రో కంప్యూటర్ 1981 చివర్లో వచ్చి బ్రిటన్ బడుల్లో చాలావాటిలోకి పాకింది. దాని తర్వాతి యంత్రానికి ఏ ప్రాసెసర్ వాడాలి అన్న దగ్గర చిక్కు వచ్చింది. మార్కెట్‌లో దొరికే 16 బిట్ల చిప్పులు వాళ్ల ఇంజనీర్లకు నచ్చలేదు. అప్పుడే అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి కొన్ని పరిశోధన పత్రాలు వాళ్ల చేతికి వచ్చాయి. ప్రాసెసర్‌కు వందల రకాల క్లిష్టమైన ఆదేశాలు నేర్పడం కన్నా, కొద్దిపాటి సులువైన ఆదేశాలే నేర్పి, వాటిని చకచకా చేయించడం మేలని ఆ పత్రాల సారాంశం. విద్యార్థులు కూర్చుని అలాంటి చిప్పు ఒకటి చేసి చూపించారు కూడా.

ఏకార్న్‌లో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ ఆ పత్రాలు చదివారు. తర్వాత అమెరికాలోని అరిజోనాకు వెళ్లి, అప్పటికి పేరున్న 6502 చిప్పు రూపకర్తల్లో ఒకడైన బిల్ మెన్ష్ సంస్థను చూశారు. పెద్ద ఫ్యాక్టరీ, వందలమంది ఇంజనీర్లు ఉంటారనుకుని వెళ్లిన వాళ్లకు అక్కడ ఒక మామూలు ఇల్లు, కొందరు కాలేజీ కుర్రాళ్లు కనిపించారు. ఇంత చిన్న గుంపు చిప్పు చేయగలిగితే మనమూ చేయవచ్చన్న ధైర్యంతో తిరిగి వచ్చారు. ఆదేశాల పట్టిక విల్సన్ రాసింది, లోపలి నిర్మాణం ఫర్బర్ గీశాడు. ఇంటెల్, మోటరోలా తమ ఇంజనీర్లకు ఎన్నడూ ఇవ్వని రెండింటిని తాను తన జట్టుకు ఇచ్చానని, అవి డబ్బు లేకపోవడం, మనుషులు లేకపోవడం అని హౌసర్ తర్వాతి కాలంలో చెప్పుకునేవాడు. నా దృష్టిలో ఈ కథంతటికీ అదే తాళంచెవి. డబ్బున్నవాళ్లు చిప్పులోకి ఒక్కొక్కటిగా సౌకర్యాలు చేర్చుకుంటూ పోయారు. లేనివాళ్లు వదిలేయగలిగినవన్నీ వదిలేశారు.

కరెంటు సంగతి వాళ్లు మొదట తలపెట్టింది కూడా డబ్బు కోసమే. ఆ రోజుల్లో వేడెక్కే చిప్పును పింగాణీ తొడుగులో పెట్టాలి. దానికి ఖర్చెక్కువ. ప్లాస్టిక్ తొడుగు చవక, కానీ చిప్పు ఒక వాటుకు మించి తీసుకుంటే తట్టుకోలేదు. తమ చిప్పు ఎంత కరెంటు తీసుకుంటుందో ముందే కచ్చితంగా లెక్కకట్టే పనిముట్లు వాళ్ల దగ్గర లేవు. అందుకని ప్రతి మూలలోనూ అతిగా జాగ్రత్తపడ్డారు. ఫలితంగా అది ఒక వాటులో పదో వంతుతోనే నడిచింది.

1985 ఏప్రిల్ 26న తొలి చిప్పు వీఎల్ఎస్ఐ టెక్నాలజీ కర్మాగారం నుంచి వచ్చింది. బోర్డులో పెట్టగానే పని చేసింది. అంతవరకు సంబరమే. ఫర్బర్ అది తీసుకునే కరెంటు ఎంతో చూద్దామని మీటరు తగిలిస్తే ముల్లు సున్నా దగ్గరే నిలబడింది. చిప్పు చూస్తే లెక్కలు చేస్తూనే ఉంది. వెతికితే తేలిందేమంటే, చిప్పుకు అసలు కరెంటు తీగ కలపనే లేదు. చుట్టుపక్కల చిప్పుల నుంచి సంకేతాలు మోసే తీగల్లోంచి ఊరిన కొద్దిపాటి కరెంటుతోనే అది నడుస్తోంది. అందులో ఉన్నవి సుమారు 25,000 ట్రాన్సిస్టర్లు. అదే ఏడాది అక్టోబరులో ఇంటెల్ తెచ్చిన 386లో 2,75,000. ఆ చిప్పు పేరు ఆర్మ్.

అయితే మంచి చిప్పు చేతిలో ఉన్నంత మాత్రాన కంపెనీ నిలబడలేదు. ఆ ఏడాదే ఏకార్న్ అప్పుల్లో మునిగి ఇటలీ సంస్థ ఒలివెట్టి చేతికి పోయింది. ఆర్మ్ చిప్పుతో 1987లో వచ్చిన ఆర్కిమెడిస్ కంప్యూటర్‌ను బ్రిటన్ బడులు కొన్నాయి గాని, ప్రపంచం ఐబీఎం పీసీ వెంటే పోయింది. 1990 నవంబరులో చిప్పు విభాగం వేరుపడింది. ఆపిల్ డబ్బు పెట్టింది, వీఎల్ఎస్ఐ పనిముట్లు ఇచ్చింది, ఏకార్న్ పన్నెండు మంది ఇంజనీర్లను ఇచ్చింది. కేంబ్రిడ్జి దగ్గర స్వాఫమ్ బుల్‌బెక్ అనే పల్లెలో పాత కొట్టాన్ని ఆఫీసుగా మార్చుకుని కొత్త సంస్థ పని మొదలుపెట్టింది. దాని అధిపతి రాబిన్ సాక్స్‌బీ ఒక తెలివైన నిర్ణయం తీసుకున్నాడు. మనం చిప్పులు తయారు చేయం, చిప్పు నమూనాను అద్దెకిద్దాం, ఎవరు అమ్ముకున్నా ఒక్కో చిప్పుకు కొంత మనకు రావాలి అన్నాడు. ఫ్యాక్టరీ పెట్టే స్తోమత లేనివాళ్లకు అంతకంటే దారి లేదు. ఆ దారే వాళ్లను ప్రతి దేశంలోని ప్రతి చిప్పు కంపెనీ ఇంటికీ చేర్చింది.

ఆపిల్ 1993లో తెచ్చిన న్యూటన్ అనే అరచేతి యంత్రం అమ్ముడుపోలేదు. ఆర్మ్‌ను నిలబెట్టింది ఫోన్లు. నోకియా 1997 చివర్లో ప్రకటించిన 6110లో ఆర్మ్ చిప్పు ఉంది. పాముల ఆట మొదట వచ్చిన ఫోన్ అదే. ఆ తర్వాత 2003లో వచ్చిన నోకియా 1100, తలమీద టార్చిలైటుతో, మన పల్లెల్లో ప్రతి చొక్కా జేబులోకీ చేరింది. రాత్రి మోటర్ వేయడానికి పొలం పోయే రైతు చేతిలో దారి చూపింది ఆ టార్చి. ఒకసారి ఛార్జి చేస్తే రోజుల తరబడి వచ్చేది. కంప్యూటర్‌ను ఊరికి రానివ్వని కరెంటు ఆ ఫోన్‌ను అడ్డుకోలేకపోయింది.

బెంగళూరు తొందరపడిందా?

మదనపల్లె నుంచి ఉదయం బస్సెక్కితే మధ్యాహ్నానికి ముందే చేరే బెంగళూరులో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు కొందరు ఈ సంగతిని ముందే గమనించారు. విజయ్ చంద్రు, స్వామి మనోహర్, రమేశ్ హరిహరన్, వి. వినయ్, ఎంకోర్ సాఫ్ట్‌వేర్ సంస్థకు చెందిన వినయ్ దేశ్‌పాండే కలిసి పల్లెవాసుల కోసం చవకైన కంప్యూటర్ చేయాలని 1998లో తలపెట్టారు. 2001 ఏప్రిల్‌లో దాని నమూనా చూపించారు. దాని పేరు సింప్యూటర్. లోపల ఉన్నది స్ట్రాంగ్ ఆర్మ్ అనే చిప్పు, 206 మెగాహెర్ట్జ్. నడిచేది లైనక్స్ మీద. బల్లమీది కంప్యూటర్ వంద వాట్లకు తక్కువ కాకుండా తాగుతున్న కాలంలో, గడియారానికి వేసేలాంటి సన్నపు పెన్సిల్ బ్యాటరీలు మూడు దీనికి చాలు. ఒకే యంత్రాన్ని ఊరంతా పంచుకునేలా ఒక్కొక్కరికీ ఒక స్మార్ట్ కార్డు ఉండాలన్నది వాళ్ల ఆలోచన. భారత్ ఎలక్ట్రానిక్స్ తయారీతో 2004 మార్చిలో ‘అమిదా సింప్యూటర్’ అమ్మకానికి వచ్చింది. చేత్తో వంచితే పుట తిరిగేలా కదలికను పసిగట్టే పరికరం కూడా అందులో ఉంది. ఐఫోన్‌కు మూడేళ్ల ముందు! కర్ణాటక ప్రభుత్వం భూమి రికార్డుల పనికి సింప్యూటర్లను కొంత వాడింది.

2005లో ఎంకోర్ సంస్థే మరో అడుగు వేసింది. సీఎస్ఐఆర్ సాయంతో మొబిలిస్ అనే యంత్రాన్ని చేసి, పదీ పదిహేను వేల రూపాయల మధ్య ధర చెప్పింది. దానికి చుట్టి పెట్టుకునే కీబోర్డు, ఆరు గంటలు వచ్చే బ్యాటరీ ఉన్నాయి. లోపల ఎక్స్‌స్కేల్ చిప్పు, అంటే మళ్లీ ఆర్మ్ కుటుంబమే. ఫోన్ చిప్పుతో ల్యాప్‌టాప్ పని చేయించాలన్న ఈనాటి ఆలోచన బెంగళూరులో అప్పుడే రూపుదిద్దుకుంది.

మరి ఎందుకు నిలబడలేదు? సింప్యూటర్లు కొన్ని వేలకు మించి అమ్ముడుపోలేదు. ఆ ధరకు కొంచెం కలిపితే మామూలు కంప్యూటర్ వస్తుందన్న లెక్క ఒకవైపు, చవకైన సెల్‌ఫోన్ల ఉప్పెన మరోవైపు. ప్రభుత్వాలు వేల సంఖ్యలో కొంటాయన్న ఆశ నెరవేరలేదు. ఇవన్నీ నిజమే. కానీ అసలు కారణం నాకు వేరే కనిపిస్తుంది. 2004లో పల్లెలో ఇంటర్నెట్ లేదు. ఊళ్లో టవర్ ఉన్నా మాటలకే సరిపోయేది. తెలుగులో, కన్నడలో ఆ యంత్రంలో చూసుకోవడానికి ఉన్నది చాలా తక్కువ. కరెంటు చిక్కును వాళ్లు విప్పారు. మిగతా చిక్కులు వాళ్ల చేతిలో లేవు. వాళ్లను విఫలులని రాసేవారితో నేను ఒప్పుకోను. వాళ్లు అడిగిన ప్రశ్న సరైనదని ఆ తర్వాతి ఇరవై ఏళ్లు నిరూపించాయి.

ఇదే కాలంలో మన జిల్లా బిడ్డ మరొకరు ఇంకో వైపు నుంచి వచ్చారు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి. 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి ఆయన తొలి కులపతి. ఇడుపులపాయ, నూజివీడు, బాసర ప్రాంగణాల్లో చేరిన పల్లె పిల్లల ఒక్కొక్కరి చేతికీ ల్యాప్‌టాప్ ఇచ్చి పాఠం చెప్పాలన్నది ఆ విశ్వవిద్యాలయం పునాది. పదో తరగతి దాకా కంప్యూటర్‌ను దూరం నుంచే చూసిన పిల్లలు దాన్ని ఒళ్లో పెట్టుకుని చదివారు. అయితే ఒళ్లో పెట్టుకున్న ఆ కాలపు ల్యాప్‌టాప్ రెండు మూడు గంటలకు గోడ దగ్గరికి లాక్కుపోయేది.

ఇంటెల్ వదులుకున్నది

ఎక్స్‌స్కేల్ ఇంటెల్‌దేనన్న మాట ఇక్కడ చెప్పుకోవాలి. స్ట్రాంగ్ ఆర్మ్‌ను చేసిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థతో కోర్టు తగాదా రాజీలో భాగంగా 1990ల చివర్లో ఆ విభాగం ఇంటెల్ చేతికి వచ్చింది. ప్రపంచంలోకెల్లా పెద్ద చిప్పు కంపెనీ దగ్గర మంచి ఆర్మ్ చిప్పు ఉంది. 2006లో దాన్ని 60 కోట్ల డాలర్లకు మార్వెల్‌కు అమ్మేసింది. ఆ రోజుల్లోనే ఆపిల్ తన కొత్త ఫోన్‌కు చిప్పు చేసి పెట్టమని ఇంటెల్‌ను అడిగింది. ఆపిల్ ఇస్తానన్న ధర తమ ఖర్చుకు సరిపోదని ఇంటెల్ వద్దనుకుంది. ఆ నిర్ణయం తప్పిందని అప్పటి అధిపతి పాల్ ఒటెల్లిని 2013లో పదవి దిగుతూ ఒప్పుకున్నాడు. 2007లో వచ్చిన తొలి ఐఫోన్‌లో శామ్‌సంగ్ తయారు చేసిన ఆర్మ్ చిప్పు కూర్చుంది.

ఆపిల్ అక్కడితో ఆగలేదు. 2008లో పీఏ సెమీ అనే చిన్న చిప్పు సంస్థను 27.8 కోట్ల డాలర్లకు కొంది. 2010లో సొంత చిప్పు ఏ4, 2013లో 64 బిట్ల ఏ7 తెచ్చింది. ఏటేటా ఫోన్ బ్యాటరీ అనే ఇరుకులో పని చేసి చేసి, ఆ ఇంజనీర్లు ఒక్కో మిల్లీవాటునూ లెక్కపెట్టడం నేర్చారు.

మైక్రోసాఫ్ట్ కూడా ప్రయత్నించింది. 2012 అక్టోబరులో ఆర్మ్ చిప్పుతో సర్ఫేస్ ఆర్‌టీ అనే పలక తెచ్చింది. ఇంటెల్ చిప్పు కోసం రాసిన పాత ప్రోగ్రాములు ఒక్కటీ దాని మీద నడవలేదు. విండోస్ అని కొని, విండోస్ ప్రోగ్రాము ఎక్కదని తెలిసి జనం వెనక్కి తిరిగారు. 2013 జులైలో ఆ కంపెనీ 90 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 4న సత్య నాదెళ్ల పగ్గాలు చేపట్టారు. ఆయన హైదరాబాద్‌లో పుట్టి పెరిగారు గాని, తండ్రి, ఐఏఎస్ అధికారి బి.ఎన్. యుగంధర్‌ది మన అనంతపురం జిల్లా బుక్కాపురం.

మన దగ్గర ఆ మధ్యకాలం ఆకాశ్‌ది. 2011 అక్టోబరు 5న కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఆవిష్కరించిన ఈ ఏడంగుళాల పలకను హైదరాబాద్‌లో బిగించారు. ప్రభుత్వానికి రెండు వేల పైచిలుకు ధర, లోపల 366 మెగాహెర్ట్జ్ ఆర్మ్. మరీ చవకగా చేయబోయి తెర, బ్యాటరీ, వేగం అన్నిటా నిరాశపరిచారు. 2012-13లో ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు కోతలు గంటల తరబడి సాగిన రోజుల్లో పల్లె బడికి నిజంగా కావలసిన వస్తువు అలాంటిదే. దాన్ని శ్రద్ధగా చేసి ఉంటే కథ వేరేలా ఉండేది.

ఫ్యాను లేకుండా

2020 నవంబరు 10న ఆపిల్ ఎం1 చిప్పును తెచ్చింది. దానితో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే లేదు. భారతదేశంలో అప్పటి ధర 92,900 రూపాయలు. అదే ల్యాప్‌టాప్ అంతకుముందు ఇంటెల్ చిప్పుతో వేడెక్కేది, మూలిగేది. ఇప్పుడు చప్పుడు లేదు, వీడియో చూస్తే 18 గంటల దాకా వస్తుందని కంపెనీ ప్రకటించింది. అందులోని బ్యాటరీ 49.9 వాట్-గంటలు, అంటే మామూలు ల్యాప్‌టాప్‌లలో ఉండేంతే.

లెక్క చాలా సులువు. యాభై వాట్-గంటల బ్యాటరీ ఉన్న యంత్రం పాతిక వాట్లు తాగితే రెండు గంటలు, అయిదు వాట్లతో సరిపెట్టుకుంటే పది గంటలు. ఆ తగ్గింపు ఎక్కడి నుంచి వచ్చింది? చిప్పులో రెండు రకాల కోర్లు ఉంటాయి, నాలుగు బలమైనవి, నాలుగు పొదుపువి. అంగడికి పోయి ఉప్పు తేవడానికి ఎవరూ ట్రాక్టర్ తీయరు కదా, అలాగే చిన్న పనులు పొదుపు కోర్లకు, పెద్ద పనులు వచ్చినప్పుడే బలమైన వాటికి. ఆర్మ్ ఈ పద్ధతిని 2011లోనే ఫోన్ల కోసం ప్రకటించింది. వీడియో చూపడానికి వేరే భాగం ఉంది, కోర్లు నిద్రలోనే ఉంటాయి. మెమరీని చిప్పు పక్కనే ఒకే తొడుగులో పెట్టడంతో అంకెలు దూరం ప్రయాణించాల్సిన పని తప్పింది. పైగా తైవాన్‌లో 5 నానోమీటర్ల పద్ధతిలో 1600 కోట్ల ట్రాన్సిస్టర్లతో తయారైంది. పాత ఇంటెల్ ప్రోగ్రాముల సంగతి? రోజెటా 2 అనే అనువాదకం వాటిని ముందే ఆర్మ్ ఆదేశాల్లోకి మార్చి పెట్టేది. సర్ఫేస్ ఆర్‌టీ పడిన గుంతను ఆపిల్ అలా దాటింది.

ఆర్మ్ ఆదేశాల వల్లే ఇదంతా సాధ్యమైందని చాలామంది రాస్తారు. అది సగం నిజమే అంటాను. 2024 సెప్టెంబరులో ఇంటెల్ లూనార్ లేక్ అనే చిప్పు తెచ్చింది. ఆదేశాలు పాతవే, కానీ మెమరీ తొడుగులోకి వచ్చింది, తయారీ తైవాన్‌కు పోయింది, బ్యాటరీ గంటలు బాగా పెరిగాయి. అంటే గెలిచింది ఒక ఆదేశాల పట్టిక కాదు, ఫోన్ నేర్పిన క్రమశిక్షణ. ఇంటెల్ దాన్ని పదిహేనేళ్లు ఆలస్యంగా నేర్చుకుంది.

విండోస్ వైపు పోరు ఇంకా రక్తికట్టింది. ఆపిల్‌లో చిప్పుల రూపకర్తగా ఉన్న జెరార్డ్ విలియమ్స్ 2019లో బయటికి వచ్చి, ఇద్దరు సహచరులతో నువియా అనే సంస్థ పెట్టాడు. ఆపిల్ అతని మీద దావా వేసింది, తర్వాత వదిలేసింది. క్వాల్కమ్ 2021లో 140 కోట్ల డాలర్లకు నువియాను కొంది. ఆ జట్టు చేసిన ఓరియాన్ కోర్లతో 2023 అక్టోబరులో స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ఎలైట్‌ను ప్రకటించింది. ఈలోగా ఆర్మ్ సంస్థే క్వాల్కమ్ మీద కోర్టుకెక్కింది. నువియాకు ఇచ్చిన హక్కులు కొన్నవాడికి చెల్లవని దాని వాదన. 2024 డిసెంబరులో డెలవేర్ జ్యూరీ ముఖ్యమైన అంశాల్లో క్వాల్కమ్ వైపే మొగ్గింది. అప్పటికే, 2024 మే 20న, నాదెళ్ల స్వయంగా వేదికెక్కి ఆ చిప్పుల ల్యాప్‌టాప్‌లను ‘కోపైలట్ ప్లస్’ పేరుతో పరిచయం చేశారు. జూన్ 18న దుకాణాలకు వచ్చాయి.

పీటీఎం బల్ల మీద

ఈ తరం యంత్రాలు మన మండలాలకు రెండు దారుల్లో వచ్చాయి. ఒకటి సర్కారు దారి. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి, ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే నాలుగున్నర లక్షలకు పైగా పిల్లలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శామ్‌సంగ్ ట్యాబ్‌లు ఇచ్చింది. లోపల ఎనిమిది కోర్ల మీడియాటెక్ చిప్పు, ఆర్మ్ రకమే. రెండోది బజారు దారి. 2022లో స్నాప్‌డ్రాగన్‌తో, 2023 జులైలో మీడియాటెక్‌తో వచ్చిన జియోబుక్. రెండో దాని ధర వచ్చినప్పుడు 16,499 రూపాయలు, బరువు కిలోకు లోపు, 4జీ సిమ్ లోపలే. మొబిలిస్ 2005లో చెప్పిన ధర ఇంచుమించు అదే!

ఒకసారి నింపడానికి యాభై వాట్-గంటలు చాలంటే, ఒక యూనిట్ కరెంటుతో సుమారు ఇరవై సార్లు నింపుకోవచ్చు. ఎండ బాగా కాసే రోజున యాభై వాట్ల చిన్న సోలార్ పలక ఒక్కటే రెండు మూడు సార్లు నింపుతుంది. పక్కనే ఎన్‌పీ కుంటలో కనుచూపు మేర సోలార్ పలకలు పరిచిన నేల ఇది, ఎండకు కొదవలేదు. కుప్పం ఫొటోగ్రాఫర్ల సంచిలో అప్పట్లో పట్టని కంప్యూటర్ ఇప్పుడు పడుతుంది.

అయినా పీటీఎంలో, బి.కొత్తకోటలో డీటీపీ పని చేసేవారు, మీసేవ నడిపేవారు ఆర్మ్ విండోస్ ల్యాప్‌టాప్ కొనే ముందు ఒక సంగతి చూసుకోవాలి. పాత ప్రోగ్రాములను అనువాదకం నడిపిస్తుంది గాని, యంత్రానికి తగిలించే పరికరాల డ్రైవర్లకు అది పనికిరాదు. వాటిని ఆర్మ్ కోసమే మళ్లీ రాయాలి. వేలిముద్రల పరికరం, పాత ప్రింటర్, పేజ్‌మేకర్ కాలం నాటి తెలుగు ఫాంట్ల తాళం – వీటిలో దేనికి కొత్త డ్రైవర్ లేకపోయినా పని ఆగిపోతుంది. దుకాణంలోనే తగిలించి చూసి కొనడం మంచిది. చదువుకునే పిల్లలకు ఈ ఇబ్బంది చాలావరకు లేదు. వాళ్ల పనంతా బ్రౌజర్‌లో, పుస్తకాల్లో, వీడియోల్లో ఉంటుంది. బెంగళూరు రైలు కోసం కుప్పం స్టేషన్‌లో కూర్చున్న డిగ్రీ విద్యార్థికి కావలసింది గోడలో ప్లగ్గు వెతుక్కోకుండా సాయంత్రం దాకా నడిచే యంత్రం. అది ఇప్పుడు ఉంది. ముప్పై వేలకు లోపు ధరలో శ్రద్ధగా చేసిన మంచిది మాత్రం ఇంకా అరుదు. ప్రభుత్వాలు, కంపెనీలు ఇప్పుడు పూనుకోవలసింది అక్కడే.

ఈ భాగంలో తైవాన్ పేరు రెండుసార్లు వచ్చింది. ఆపిల్, క్వాల్కమ్, చివరికి ఇంటెల్ కూడా తమ చిప్పులు చేయించుకోవడానికి ఒకే ద్వీపానికి ఎందుకు పోతున్నాయి? 1987లో మోరిస్ చాంగ్ అనే యాభై అయిదేళ్ల ఇంజనీరు, సొంత చిప్పు ఒక్కటీ చేయకుండా అందరి చిప్పులూ చేసి పెట్టే ఫ్యాక్టరీ పెడతానన్నప్పుడు ఇంటెల్ పెట్టుబడి పెట్టడానికి ఎందుకు నిరాకరించింది? భూకంపాల నేలపై, నీటి కరువులో ఆ ఫ్యాక్టరీ ఎలా ఎదిగింది, దాని చుట్టూ అమెరికా, చైనాల తగాదా ఎలా ముదిరింది అన్నది 18వ భాగంలో.